కాలువ కట్టేసిన నెల

ప్లీడరు గారు తెల్లకాగితం చేతికిచ్చి
"ముందు అప్పులవాళ్ళందరి పేర్లూ రాయండమ్మా" అన్నారు.
"చిన్నా పెద్దా చూడొద్దు.
ప్రోనోట్ల మీద మీ సంతకమూ ఉంది గనక
ఐపీ ఇద్దరూ పెట్టాలి."

నర్సాపురం నుంచి పాలకొల్లు బస్సులో
కాగితం నా ఒళ్ళో ఉంది.
కండక్టరు టిక్కెట్టు వెనకాల
నాలుగు రూపాయలు బాకీ అని రాసిచ్చేడు.
దిగేటప్పుడు అడగడానికి
మా ఇద్దరికీ నోరు రాలేదు.

మాది సప్లై కంపెనీ.
ఆరువందల కుర్చీలు, పద్దెనిమిది గుండిగలు,
పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర సోఫా.
మా షామియానా కింద నవ్వనివాడు గానీ
ఏడవనివాడు గానీ ఈ ఊళ్ళో లేడు.
ఏసీ హాళ్ళు వచ్చేక
కొత్త సామాను కొంటే బేరాలొస్తాయనుకున్నాం.
సామాను వచ్చింది.
దాని అప్పుకి ఇంకో అప్పు,
ఆ వడ్డీకి చీటీ పాట,
చీటీ వాయిదాకి నా గాజులు.

మేమూ అన్నాం ఆ మాట ఒకప్పుడు,
ధాన్యం కమిషను వీర్రాజు గారిని.
"ఐపీ పెట్టేడంట" అని
అంటురోగం పేరు చెప్పినట్టు, గొంతు తగ్గించి.
ఆయన కూతురి పెళ్ళికి
సామాను మొత్తానికీ ముందే డబ్బు కట్టించుకున్నాం.

రాత్రి రాయడానికి కూర్చున్నాను.
బ్యాంకు. తేలిగ్గానే రాసేను, దానికి మొహం లేదు.
ఫైనాన్సు కంపెనీ. మొహం ఉంది గానీ
నెలకొకటి మారుతుంది.
మా తోడికోడలు, రెండు లక్షలు.
చెప్పకూడదు గానీ
ఆ పేరు దగ్గర పెన్ను బాగానే నడిచింది.

పదకొండో పేరు నూకరత్నం.
అక్కడ ఆగిపోయేను.

ఇరవయ్యేళ్ళుగా మా గుండిగలు తోమేది.
నలభై వేలు. నోటు లేదు, సాక్షి లేదు.
"కంటి ఆపరేషనుకి దాచుకున్నానండి,
మీ అవసరం తీరేక ఇద్దురు గాని" అంది.
పేరు రాస్తే కోర్టు నోటీసు ఆమె ఇంటికెళ్తుంది.
ఏ కాగితమొచ్చినా
ఆమె చదివించుకునేది నా చేతే.

ప్లీడరు గారికి ఫోన్ చేసేను.
ముందు ఆమెకి ఇచ్చేసి, తర్వాత పెడితే?
"కుదరదమ్మా. ఒకళ్ళకిచ్చి ఒకళ్ళకి ఎగ్గొట్టినట్టవుతుంది.
కోర్టు కంటికి అప్పులవాళ్ళంతా ఒకటే."
ఆయన కన్ను అనగానే
పొర కమ్మిన ఆ ఎడమ కన్ను గుర్తొచ్చింది.

తెల్లారి గట్టు మీదికి నడిచేం.
ఏప్రిల్ కదా, కాలువ కట్టేశారు.
నీళ్ళున్నన్నాళ్ళూ దాచిందంతా పైకి తేలింది:
సీసాలు, వినాయకుడి ఊచలు, సైకిలు చక్రం,
బురదలో సగం దిగిన మా కుర్చీ ఒకటి.
వీపు మీద "మావుళ్ళు సప్లయర్స్" చెరగలేదు.
ఏ పెళ్ళిలో పోయిందో.

మా ఆయన పంచె ఎగ్గట్టి దిగేడు.
లాగేడు. కడుగుదామంటే
కాలువలో నీళ్ళే లేవు.
"ఆరువందల ఒకటి" అన్నాడు.
కాసేపాగి
"ఇది కూడా ఆస్తుల్లో రాయాలా?" అన్నాడు.
నవ్వేడనుకున్నాను, కాదు.

"పెడదామా?"
ఇంక చేబదులిచ్చేవాళ్ళు లేరు.
ఫైనాన్సువాళ్ళు నిన్న
మా పిల్లాడి కాలేజీ గేటు దగ్గరికెళ్ళేరు.
"పెడదాం" అన్నాను.
"ముందు నన్నొక ఇంటికి వెళ్ళిరానీ."

నూకరత్నం వాకిట్లో చేపలు కడుగుతోంది.
చెయ్యి విరిగిందని మేం పారేసిన కుర్చీని
తాడుతో కట్టుకుని వాడుకుంటోంది.
కొంగుతో తుడిచి నాకు వేసింది.
కూర్చున్నాను.
నా చేతిలో కాగితం చూసి
తడి చేతులు చీరకద్దుకుంది.

"నాకేవన్నా వచ్చిందాండీ?
ఏం రాసుందందులో?"

మడత విప్పేను.
పది పేర్లున్నాయి.
పదకొండు అని అంకె వేసి
పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.